తెల్ల కాగితం వెనక

ఆమె పోయి వారమైంది. గోడకు పెట్టుకోవడానికి అమ్మ ఫొటో ఒకటి కావాలంది కూతురు.

"పెళ్లి ఆల్బమ్‌లో ఉంది కదమ్మా."

"అందులో ఉన్నదెవరో చిన్నపిల్ల, నాన్నా. నన్ను తిట్టిన అమ్మ కావాలి నాకు."

ఆమె ఫోన్లో వెతికారు. ఆ ఫొటోలన్నీ తీసింది ఆమే కాబట్టి ఒక్కదాన్లోనూ ఆమె లేదు.

అతను ముప్ఫై ఏళ్లుగా పత్రికకు దేశ రాజకీయాల ఫొటోలు తీస్తున్నాడు. పార్లమెంటు మెట్ల మీద ఎవరు ఎవరికి మొహం చాటేశారో, పదవి పోయినాయన కారెక్కే ముందు ఎటు చూశాడో, అన్నీ బీరువా నిండా ఉన్నాయి. భార్యనూ వేలసార్లు తీశాడు. ఒక్కటీ ఉంచలేదు.

డ్యూటీకి బయల్దేరే ముందు ఆమెను కిటికీ ఎదుట నిలబెట్టి, చేతికి తెల్ల కాగితం ఇచ్చేవాడు. తెలుపంటే ఏదో ముందు చూపిస్తే కెమెరాకు తక్కిన రంగులు దారిన పడతాయి. వెళ్లినచోట వెలుతురు చూసి మళ్లీ సరిచేసుకోవాల్సిందే. అయినా ఇంట్లో ఒకసారి చూసుకోందే అతని కాలు బయట పడేది కాదు. తర్వాత కాగితం దించమని ఆమె మొహం మీద ఫోకస్ చూసేవాడు. ఆఫీసు కారెక్కగానే ఆ రెండు ఫొటోలూ చెరిపేసేవాడు. మెమరీ కార్డులో నాయకులకు చోటు కావాలి.

"ఒక్కటైనా ఉంచుకోరాదూ?" అనేది.

"నువ్వేమన్నా మంత్రివా?"

"మంత్రులు ఐదేళ్లకు పోతారండీ. నేనెక్కడికీ పోను."

కెమెరా సంచి అడుగున ఒక పాత కార్డు దొరికింది. కూతురు కంప్యూటర్లో పెట్టింది. ఒకే ఒక్క ఫొటో. తెర నిండా తెల్ల కాగితం, పైన పాపిడి, రెండు పక్కలా వేళ్లు. బొటనవేలి మీద కాలిన మచ్చ.

"అమ్మే," అంది కూతురు. తర్వాతి ఫొటో కోసం మీట నొక్కింది. మళ్లీ నొక్కింది. "మొహం ఏది నాన్నా?"

అతనికి ఆ రోజు గుర్తుంది. ప్రభుత్వం పడిపోయిందని అప్పుడే ఆఫీసు నుంచి ఫోనొచ్చింది. హడావిడిలో ఈ కార్డు తీసి సంచిలో పడేసి, కొత్తది వేసుకుని పరిగెత్తాడు.

గుమ్మం దాటుతుంటే కాగితం వెనక నుంచి ఆమె అడిగింది.

"దించనా?"

"అక్కర్లేదు," అన్నాడు. "అయిపోయింది."