రెండో రిలే

తాడేపల్లిగూడెంలో మోటారు కంట్రోలు బోర్డులు తయారుచేసే కుసుమకు పొద్దున్నే వెంకట్రాజు ఫోన్ చేశాడు. ముదినేపల్లి దగ్గర అతనికి చేపల చెరువుంది. నీళ్ళలో ఆక్సిజన్ తగ్గగానే, గాలి కలిపే ఏరేటర్లను తిప్పాల్సిన ఆమె బోర్డు, చేపలు పైకొచ్చి నోళ్ళు తెరిచేదాకా తిప్పడం లేదట.

ఆక్సిజన్ ఎంతకు తగ్గితే తిప్పాలో చెప్పే అంకె ఒకటి ప్రోగ్రాంలో మారిస్తే సరిపోతుంది. చిప్‌లోకి ప్రోగ్రాం ఎక్కించడానికి సొంతంగా తయారుచేసుకున్న ప్రోగ్రామర్‌నూ, లాప్‌టాప్‌నూ బ్యాగులో పెట్టుకుని ఆమె బస్సెక్కింది.

చెరువు గట్టు మీది షెడ్డులో ప్రోగ్రామర్ నుంచి బోర్డుకు ఆరు వైర్లు తగిలించింది. చిప్ దొరకలేదంది లాప్‌టాప్. వైర్లు మార్చింది. వేగం తగ్గించింది. ప్రోగ్రామర్ టంకాలన్నీ మళ్ళీ వేసింది. అదే జవాబు.

"పది నిమిషాల పనన్నారు కదండీ," అన్నాడు వెంకట్రాజు. రెండు గంటలైంది.

"మీరలా వెనకాల నిలబడితే నాకు చెయ్యాడటం లేదండి."

అతను వెళ్ళి ఏరేటర్లను చేత్తోనే వేసి, అక్కడే కూర్చున్నాడు. ఆమెకు సిగ్గేసింది, ఆ సిగ్గుతో కోపం ఇంకా పెరిగింది.

బ్యాగులోంచి విడి చిప్ తీసి ప్రోగ్రామర్‌కు తగిలించింది. వెంటనే పలికింది. అంటే ప్రోగ్రామర్ బాగానే ఉంది. బోర్డు మీదున్న చిప్పే పలకడం లేదు. ఈ బోర్డుల చిప్పుల్ని ముందే ప్రోగ్రాం చేసి అతికించేసింది. బోర్డు మీద ఉండగా ఒక్కసారీ పరీక్షించలేదు.

బోర్డును తిరగేసి రాగి గీతల వెంట వేలు పోనిచ్చింది. రెండో ఏరేటర్‌ను నడిపే రిలే స్విచ్‌ను, చిప్‌లోకి ప్రోగ్రాం వెళ్ళే కాలికే కలిపింది. గీత పొట్టిగా వస్తుందని తనే అలా గీసింది. ఇప్పుడు ఆ రిలే భాగం సిగ్నల్‌ను మింగేస్తోంది.

రిలేకూ చిప్‌కూ మధ్యలో ఉన్న రెసిస్టర్ కాలు ఒకటి టంకం కరిగించి లేపింది. చిప్ పలికింది. అంకె మార్చి, కాలు మళ్ళీ అతికించింది. చేతి స్విచ్ ఆపి చూస్తే, ఏరేటర్లు వాటంతటవే తిరిగాయి.

"అయిపోయినట్టేనాండీ?" వెంకట్రాజు వచ్చి అడిగాడు.

"మీది అయిపోయిందండి. ఇందాక అన్నదానికి ఏమీ అనుకోకండి." ఆమె బోర్డు వైపే చూస్తోంది. "ఇదే ప్రోగ్రాంతో, ఇదే తప్పుతో ఇంకో పదమూడు చెరువుల్లో బోర్డులు పెట్టానండి."

"ఎక్కడెక్కడండీ?"

"ఎక్కువ కైకలూరు వైపే."

అతను మోటారు సైకిల్ తాళం తీసుకున్నాడు. "పదండి. ఆ చెరువులన్నీ నాకు తెలిసినవే."