దొరకు దొరకని లీవు

పెద్దులు టీ ట్రేతో నా స్టోరులోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, చావుకబురు చెప్పేవాడిలా గొంతు తగ్గించాడు.

“రత్నం సారూ, మన దొరకు గూడ లీవు ఇస్తలేరట.”

“ఏ దొరకయ్యా?”

“డెరెక్ దొరకే. రెండున్నరేండ్ల సంది అడుగుతున్నడట. పాపం.”

గల్ఫులోని ఘాలాలో మా కంపెనీ ఆఫీసుకు డెరెక్ మేనేజరు. ఆయన ఎదుటి బల్ల మార్గరెట్‌గారిది. అందరి లీవు కాగితాల మీదా సంతకం పెట్టేది ఆవిడే. ఇద్దరూ ఇంగ్లండు వాళ్ళే. కాంక్రీటుకు చెక్కలు బిగించే షట్టరింగ్ పనిలో నడుం పట్టేసిన దగ్గర నుంచి పెద్దులుది ఆ గదిలో టీ డ్యూటీ.

“నీకెవరు చెప్పారు?”

“చెప్పుడేంది, నా చెవులతోని ఇన్న. దొర బల్ల గుద్ది ‘లీవ్’ అంటడు. మేడం ‘నో లీవ్’ అంటది. ‘ఓటింగైంది, లీవ్ గెలిచింది’ అంటడు దొర. వాళ్ల దేశంల లీవుకు ఓట్లేస్తరట సారూ! గెలిచినంక గూడ ఇస్తలేరు, సూడుర్రి!”

నాకు సంగతి అర్థమైంది. అది 2019 జనవరి. ఇరుగుపొరుగు దేశాలన్నీ కలిసి పెట్టుకున్న యూరోపియన్ యూనియన్‌లోంచి బ్రిటన్ బయటికి రావాలా, వద్దా అని ఆ దేశమంతా కొట్టుకుంటున్న రోజులు. రావాలనే వాళ్ళది ‘లీవ్’ పక్షం. ఉండాలనే వాళ్ళది ‘రిమెయిన్’ పక్షం. డెరెక్ మొదటి పక్షం, మార్గరెట్ రెండోది. పత్రికలు చదివే నాకు అది తెలుసు. పన్నెండేళ్ళుగా గల్ఫులో ఉన్న పెద్దులుకు లీవ్ అంటే ఒకటే అర్థం. సెలవు, విమానం, ఇల్లు.

అప్పుడే చెప్పేసేవాణ్ణి. కానీ ముందురోజే పెద్దులు లీవు కాగితం రెండోసారి తిరిగొచ్చింది. తన బాధే దొరకూ ఉందనుకుంటే వాడికి కాస్త ఓదార్పుగా ఉంది. దాన్ని లాక్కోవడం దేనికని ఊరుకున్నాను.

వాడికి లీవు అవసరం మామూలుది కాదు. జగిత్యాల దగ్గర వాళ్ళ ఊళ్ళో పంచాయతీ ఎన్నికలు. వాడి భార్య గౌరవ్వ వార్డు మెంబరుగా నిలబడింది. పోటీ ఎవరో కాదు, తమ్ముడు ఓంకార్ భార్య రాజేశ్వరి. ఒకే ఇల్లు, నడుమ గోడ కట్టుకొని రెండు వాకిళ్ళు చేసుకున్నారు. గౌరవ్వకు కెటిల్ గుర్తు వచ్చింది. పెద్దులు రోజూ వీడియో కాల్‌లో ఆఫీసు కెటిల్ ఎత్తి చూపిస్తూ ఇక్కడి నుంచే ప్రచారం చేస్తున్నాడు.

“వార్డుల ఎవరు ఎటో మొత్తం లెక్క దీసిన. సరిసమానం. నేను పోతె గౌరవ్వ గెలుస్తది, పోకపోతె ఓడుతది. గంతే సారూ.”

పోలింగు ముప్పయ్యో తారీఖున. మార్చిలో బిల్డింగు అప్పగించేదాకా ఎవరికీ లీవు లేదని మార్గరెట్ ఎర్ర పెన్నుతో రాసేసింది.

తరవాత రోజుకో కబురు మోసుకొచ్చాడు. యూనియన్ వదిలే నిబంధన ‘ఆర్టికల్ ఫిఫ్టీ’ పేరెత్తుతున్నాడు కాబట్టి దొర అడిగేది యాభై రోజుల లీవు. డీల్ లేకపోయినా పోతానంటున్నాడు, అంటే జీతం లేని లీవు. ఒకనాడు మరీ దిగులుగా వచ్చాడు.

“మే మీద గూడ నమ్మకం లేదట సారూ.”

“మే అంటే...” వాళ్ళ ప్రధానమంత్రి పేరని చెప్పబోయాను.

“నాకెర్కే. ఎండకాలం దాంక గూడ ఇయ్యరన్నట్టు.”

గురువారం ఉదయం డెరెక్ గది నుంచి నాకు పిలుపొచ్చింది, అనువాదం చెయ్యమని. వెళ్ళేసరికి పెద్దులు కుర్చీలో కూర్చొని ఉన్నాడు, ఖాళీ ట్రే ఒళ్ళో పెట్టుకొని. ఆ గదిలో వాడు కూర్చోగా చూడడం అదే మొదలు.

జరిగింది ఇది. టీ ఇస్తూ ఇస్తూ వాడు గుండె మీద చెయ్యేసుకొని, “సార్, యూ లీవ్, మీ ఆల్సో లీవ్. మేడం నో అండర్‌స్టాండ్” అన్నాడట. డెరెక్ లేచి చెయ్యి పట్టుకొని ఊపేశాడు. సామాన్యుడి మాట విన్నావా అని మార్గరెట్ వైపు తిరిగాడు. ఆవిడ ఊరుకునే మనిషి కాదు. మనసు మారుద్దామని కుర్చీ వేసింది.

“రత్నం, ఇతన్ని అడగండి” అంది. “పొరుగువాళ్ళతో నలభై ఆరేళ్ళు కలిసి బతికి, ఇప్పుడు విడిపోతే నష్టం ఎవరికి?”

అడిగాను. పెద్దులు కళ్ళు పెద్దవి చేశాడు. “మా ఇంటి ముచ్చట మేడంకు ఎట్ల తెలిసె? నలభై ఆరు గాదు సారూ, పదకొండేండ్లే కలిసున్నం. చింతపండు కాడ పంచాయితి. చెట్టు మాది, పండు వాళ్లు దులుపుకపోవుడు.”

ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను.

“సరిగ్గా అదే!” డెరెక్ బల్ల గుద్దాడు. “మన సముద్రం, మన చేపలు. వాళ్ళొచ్చి పట్టుకుపోవడం!”

“మరి సరిహద్దు?” మార్గరెట్ ముందుకు వంగింది. “సరిహద్దు దగ్గర ఏం చేస్తాడో చెప్పమనండి.”

“గోడ పెట్టినం” అన్నాడు పెద్దులు. “గని కోళ్లు దునుకుతయి.”

“కోళ్ళు!” ఈసారి బల్ల గుద్దింది మార్గరెట్. “రెండేళ్ళుగా నేను మొత్తుకుంటున్నది ఏమిటి డెరెక్? నువ్వు గోడ కడతావు. కోళ్ళనేం చేస్తావు?”

డెరెక్ టీ కప్పు అందుకున్నాడు. టీ తాగి, “సరే, లీవ్ ఎందుకు కావాలో అతని నోటితోనే విందాం” అన్నాడు.

పెద్దులు జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి, మోకాలి మీద సాపు చేసి బల్ల మీద పెట్టాడు. వాడి లీవు ఫారం. అడ్డంగా ఎర్ర సిరా.

“గౌరవ్వ నిలవడ్డది సారూ. ఒక్క ఓటు నాది. గది ఎయ్యనీకి పోతనంటె వద్దంటున్నరు. దొరకు తెలుస్తది నా బాధ, ఆయనది గూడ గిదే తిప్పలు గద.”

ఇక దాచడానికి లేదు. మొదటి నుంచీ అంతా చెప్పాను.

“అంటే ఇతను మా లీవ్ కాదా?” అన్నాడు డెరెక్, పాపం, చాలా చిన్న గొంతుతో.

“కాదండి. సెలవు లీవు.”

మార్గరెట్ నవ్వింది. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకొని మళ్ళీ నవ్వింది. తరవాత కళ్ళజోడు పెట్టుకొని కాగితం వైపు చూసింది. నవ్వు ఆగిపోయింది.

“మా దేశంలో ఇంకోసారి ఓటు పెట్టాలని ఊరేగింపుల్లో నడిచొచ్చాను నేను. ఓటేసొస్తానన్న మనిషికి వద్దని రాసింది నేనేనా?”

పెన్ను తీసి ఎర్ర గీతను కొట్టేసింది. పన్నెండు రోజులు, అంగీకారం, సంతకం.

“చూశారా!” డెరెక్‌కు ప్రాణం లేచొచ్చింది. “చివరికి మార్గరెట్ లీవ్‌కు ఓటేసింది!”

“ఈ లీవుకు రిటర్న్ టికెట్ ఉంది” అందావిడ. “నీ లీవ్‌కు ఉందా?”

బయటికొచ్చాక పెద్దులుకు బ్రిటన్ సంగతి మొదటి నుంచీ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

“ఓ, గట్లనా! మేం మీకెల్లి వేరువడ్డట్టు.”

నాది రేపల్లె. ఉడుక్కోవాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించాను. “అది వేరు, ఇది వేరయ్యా.”

“ఏం వేరు? మేం పోతమంటిమి, మీరు వద్దంటిరి. ఇప్పుడేమైంది? ఇద్దరం ఘాలాల ఒక్క బస్సే ఎక్కుతున్నం” అని నా భుజం తట్టి, మెట్లు రెండేసి దిగుతూ పోయాడు. నడుం పట్టేసిన మనిషి.

వాడు వెళ్ళిన మర్నాడు ఆఫీసు కెటిల్ కనపడలేదు. ఎక్కడికి పోయిందో నాకు తెలుసు, ఎవరికీ చెప్పలేదు. టీ డ్యూటీ నాకు వచ్చింది. గిన్నెలో కాచాను. మా ఇంట్లో టీ ఎప్పుడూ నా భార్య సౌభాగ్యమ్మే పెట్టేది. హాస్పిటల్లో నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు కూడా నన్ను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదు. ఆమె పోయిన నాలుగేళ్ళలో నేను నేర్చుకున్న టీనే డెరెక్, మార్గరెట్ అన్ని రోజులూ తాగారు. ఏమీ అనలేదు. అంతకన్నా మర్యాద ఉండదు.

ముప్పయ్యో తారీఖు మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్పీకర్ పెట్టమని మార్గరెట్ సైగ చేసింది.

“ఒక్క ఓటు సారూ!” వెనకాల డప్పులు. “ఒక్క ఓటుతోని గెలిచింది!”

“నీ లెక్కే నిజమైంది కదయ్యా!”

“నా లెక్క తప్పింది. నా మేనత్తనే అటు ఏసింది. గని మా ఓంకార్ ఇటు ఏసిండు!”

“భార్యకు వెయ్యలేదా?”

“‘మా ఆమె గెలిస్తె ఇంట్ల నన్ను మెంబరుగ గూడ ఉండనియ్యదు’ అన్నడు సారూ. గీ ముచ్చట రాజేశ్వరికి ఎర్కైంది. వాని సంచి బయట పడేసింది. గిప్పుడు వాడు గోడ దునికి మా దిక్కున్నడు, కోళ్లతోని పాటు. వాణ్ని మల్ల ఇంట్ల కలిపి రావాలె. పది రోజులు ఎక్స్‌టెన్షన్ కావాలె.”

చెప్పాను. డెరెక్ కుర్చీలోంచి లేచాడు. “లీవ్ అంటే లీవ్! తేదీ అంటే తేదీ! ఎక్స్‌టెన్షన్ ఒప్పుకోను!”

“ఇద్దాం” అంది మార్గరెట్, అప్పుడే పెన్ను వెతుక్కుంటూ. “పది రోజుల్లో మనసులు మారతాయి. విడిపోయినవాళ్ళు కలుస్తామంటే నేను అడ్డమా?”

“మరి నా కెటిల్ సంగతి?” అన్నాడు డెరెక్.

ఆయనకూ తెలుసన్నమాట. తెలిసే వారం రోజులు నా టీ తాగాడు.

వాళ్ళ కేకలు ఫోన్‌లో పెద్దులు వింటూనే ఉన్నాడు. “కెటిల్ పైలంగ తెస్తనని చెప్పుర్రి. ఇంతకు దొర లీవు ఏమైంది సారూ?”

“ఇంకా తేలలేదయ్యా.”

“పాపం” అన్నాడు. “గౌరవ్వ గిప్పుడు మెంబరైంది గద. ఆమె సంతకం నడుస్తదంటె పంపిస్తనని చెప్పుర్రి.”