ముడిపడని కనుబొమలు

నా రెండు కనుబొమల నడుమ రెండు నిలువు గీతలు ఉండేవి. పుట్టుకతో వచ్చినవి కావు. పందొమ్మిదేళ్లు బండల ఫ్యాక్టరీలో నిలబడి సంపాదించుకున్నవి.

ఎర్రగుంట్ల దాటగానే రోడ్డు పక్కన ఉంది మా ఫ్యాక్టరీ. క్వారీ నుంచి నాపబండలు వస్తాయి, మేం కోసి, పాలిష్ పట్టి పంపిస్తాం. మామగారు పోయిన దగ్గర్నుంచి బయటి వ్యవహారాలు మా ఆయన వసంతకుమార్‌వి, లోపలి పని నాది. బయటి వ్యవహారాలంటే టీలు తాగడం, ఫోన్లు మాట్లాడడం, ఈ మధ్య రాజకీయం. ఎగతాళికి అనడం లేదు. సరే, కొంచెం ఎగతాళికే అంటున్నాను.

కోత మిషన్లు తిరుగుతుంటే పక్కనున్న మనిషి చెవిలో అరిచినా వినపడదు. చేతులతో సైగ చేద్దామంటే అవి ఎప్పుడూ ఖాళీగా ఉండవు, ఏదో ఒక బండో టేపో పట్టుకునే ఉంటాయి. అందుకని మా షెడ్డులో ముఖాలతోనే మాట్లాడుకుంటాం. క్రేను నడిపే గాబ్రియేలు బండల కట్టకు బెల్టు వేసి, నా వైపు చూసి గడ్డం ఎత్తుతాడు. ఎత్తనా అని అడగడం అది. నేను కనుబొమలు ముడివేస్తే ఆగుతాడు, వేయకపోతే ఎత్తేస్తాడు. ఎవరూ రాసి పెట్టిన రూలు కాదు, పనిలోంచి దానంతటదే పుట్టింది. బండలు కడిగే భీమమ్మ కొత్తగా పనిలోకి వచ్చినవాళ్లకు మొదటి రోజే చెప్పేది: "మిషన్ను తర్వాత సూడు. ముందు అమ్మ మొగం సూడు."

అలా ఉండగా మున్సిపాలిటీ ఎన్నికలు వస్తున్నాయన్నారు. మా వార్డు ఆడవాళ్లకు వచ్చింది. మా ఆయన ఇన్నేళ్లుగా తాగిన టీలన్నీ వృథా కాకూడదని నన్ను నిలబెడదామనుకున్నాడు. పదకొండు చోట్ల ఫ్లెక్సీలు కట్టించాడు. ఫ్లెక్సీ చేసిన అబ్బాయి కంప్యూటర్లో నా ముఖాన్ని పాలిష్ పట్టేశాడు. నాకు నలభై తొమ్మిది, ఫ్లెక్సీలో ఆవిడకు ముప్పై ఐదు దాటవు. నొసలు మా గ్రేడ్ వన్ బండలాగా నున్నగా ఉంది.

మొదటి రోజు వార్డులో తిరుగుతుంటే కొళాయి దగ్గర ఒకావిడ ఫ్లెక్సీ వైపు చూసి, నా వైపు చూసి, "ఫోటోలో ఉండే ఆయమ్మ రాలేదా?" అని అడిగింది. ఆమె నిజంగానే అడిగింది, వెక్కిరింపు లేదు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికొచ్చి అద్దం ముందు అరగంట నిలబడ్డాను. సిగ్గేసింది, ఏడుపొచ్చింది. ఆ రెండు గీతల మీద చెప్పలేనంత కోపం వచ్చింది. కోపం వచ్చిన కొద్దీ అవి ఇంకా లోతుగా కనిపించాయి.

"ఫ్లెక్సీలు మార్పించు" అన్నాను మా ఆయనతో.

"పదకొండు చోట్ల మార్చాల. నువ్వు మారితే ఒక్క దెబ్బకు అయిపోతాది" అన్నాడు ఫోన్లోంచి తల ఎత్తకుండా. ఆయన నవ్వులాటకే అన్నాడు. నేను మాత్రం పట్టుకున్నాను.

మా చెల్లెలి కూతురు యామిని కడపలో ఉద్యోగం చేస్తోంది. దానికి తెలిసిన చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. చల్లని గది, మెత్తని కుర్చీ. చిన్నపిల్ల ఆ డాక్టరు, మంచిగానే మాట్లాడింది. షుగరు ఉందా, నరాల జబ్బు ఉందా, ఏ మాత్రలు వాడుతున్నారు అని వరసగా అడిగి రెండు కాగితాల మీద సంతకం పెట్టించుకుంది. "మూడు నాలుగు నెలలు ఆ కండరం కదలదు మేడం. మనకు కావాల్సింది అదే కదా" అంది. సూదులు చీమ కుట్టినట్టు ఉన్నాయి. ఇరవై రెండు వేలు కార్డుతో గీకాను. నాలుగు నెలలకోసారి మళ్లీ వేయించుకోవాలట. మా భీమమ్మ రోజు కూలి నాలుగు వందల యాభై. ఆ లెక్క అప్పుడు నాకు తట్టలేదు. ఇప్పుడు వద్దన్నా తడుతోంది.

అన్నీ అడిగిన ఆ డాక్టరు నేను చేసే పని ఏమిటని మాత్రం అడగలేదు. నేనూ చెప్పలేదు.

రెండు వారాలకు గీతలు మాయమయ్యాయి. కొళాయి దగ్గర ఆవిడ ఈసారి నన్ను గుర్తుపట్టింది. ఫ్యాక్టరీలో భీమమ్మ నన్ను ఎగాదిగా చూసి, "ఓట్లొచ్చినాక అమ్మకు కోపం శానా తగ్గింది" అని అందరి ముందూ అంది. నాకు కోపం తగ్గలేదు. ఆ ఉదయమే బండల అంచులు పగలగొట్టారని ఇద్దరి మీద మండిపడుతున్నాను. వాళ్లు తాపీగా బీడీలు కాల్చుకుంటున్నారు. అప్పుడైనా నాకు అర్థం కావలసింది. పొగడ్త తలకెక్కినప్పుడు ఏదీ అర్థం కాదు.

మంగళవారం పదకొండు గంటలప్పుడు జరిగింది. గాబ్రియేలు పన్నెండు బండల కట్టకు బెల్టు వేశాడు. కట్ట వెనక కాలువలో రాతిపొడి బురద అడ్డుపడితే, భీమమ్మ వంగి కట్టెతో పొడుస్తోంది. గాబ్రియేలు నిలబడిన చోటినుంచి ఆమె కనపడదు, నాకు కనపడుతుంది. నేను రెండు చేతులతో టేపు లాగి పట్టుకుని ఉన్నాను. గాబ్రియేలు నా వైపు చూసి గడ్డం ఎత్తాడు. నేను కనుబొమలు ముడివేశాను. నా బలమంతా నొసటికి తెచ్చి ముడివేశాను.

అతను తల ఊపి బటన్ నొక్కాడు.

టేపు వదిలేసి అరిచాను. వినేవాళ్లెవరు? భీమమ్మ లేచేటప్పుడు ఆమె భుజం తగిలి కట్ట ఊగింది, బెల్టు జారింది. రెండు బండలు ఆమె కుడి పాదం మీద పడ్డాయి.

కడపకు తీసుకుపోయాం. ఆపమన్నా గదప్పా అని దారంతా గాబ్రియేలును తిట్టాను. పాదంలో రెండు ఎముకలు విరిగాయన్నారు, ప్రాణానికి భయం లేదన్నారు. ఆ తర్వాత ఆసుపత్రి బాత్రూములో చేతులకు అంటిన రక్తం కడుక్కుంటూ అద్దంలోకి చూశాను. గాబ్రియేలు నా సైగ చూసి కూడా ఎందుకు ఎత్తాడా అని అప్పటికీ లోపల తిట్టుకుంటూనే ఉన్నాను. అద్దంలో ఉన్న మనిషి ప్రశాంతంగా ఉంది. కనుబొమలు ముడివేశాను. కదల్లేదు. మళ్లీ వేశాను. ఆ నున్నని నొసలు నన్ను చూస్తూ ఊరికే ఉంది.

అదే సమయానికి ఆ డాక్టరు క్లినిక్ నుంచి ఫోనుకు మెసేజీ వచ్చింది, మా సేవలు ఎలా ఉన్నాయో చెప్పండి అని. తడి చేతులతోనే టైపు చేశాను: "వచ్చినవాళ్లను మీ పనేమిటని కూడా అడగండి."

మూడో రోజు మా ఆయన ఒక టైపు కాగితం తెచ్చాడు. మర్నాడు ఫ్యాక్టరీల శాఖ ఆఫీసరు విచారణకు వస్తున్నాడట. క్రేను నడిపే మనిషి ఆజ్ఞ లేకుండా, అజాగ్రత్తగా కట్ట ఎత్తడం వల్ల ప్రమాదం జరిగింది అని ఉంది అందులో. కింద గాబ్రియేలు సంతకానికి చోటు వదిలారు.

"అతను ఒప్పుకుంటాడా?" అన్నాను.

"ఒప్పుకున్నాడు. నాదే తప్పు సార్ అని వాడే అంటాండాడు. కొన్నాళ్లు పక్కన పెడదాం. ఎన్నికలు అయినాక యాడన్నా సర్దుదాంలే."

"నేను ఆపమన్నా. నా మొగం కదల్లేదు. సూది వేయించుకున్నా కదా."

మా ఆయన తలుపు వైపు చూసి గొంతు తగ్గించాడు. "ఆ మాట ఇంగెవరికీ చెప్పొద్దు. మొగానికి పాతికవేలు పోసి కూలామె కాలు ఇరగ్గొట్టిందంటారు. వార్డులో తిరగగలవా నువ్వు?"

"ఆ మాటలో తప్పేముండాది? జరిగింది అదే" అన్నాను. ఆయన కాగితం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. నిజం చెప్పాలంటే ఒక గంటసేపు ఆ కాగితాన్ని నేనూ చూస్తూ కూర్చున్నాను. సంతకం అతనిది, నా చేయి కూడా అక్కర్లేదు. ఆ గంట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు రోత. తర్వాత లేచి కడప బస్సెక్కాను.

ముందు చెప్పవలసింది భీమమ్మకు. మంచం పక్కన కూర్చుని మొత్తం చెప్పాను. ఆమె కట్టు వేసిన కాలి వైపు చూస్తూ విన్నది.

"ఎంతైందమ్మా ఆ సూదికి?"

చెప్పాను.

"నీ మొగాన ఆ గీతలు ఉండాయనే గదమ్మా నేను ఇన్నేండ్లు తల వంచుకోని పని చేసుకునింది" అంది. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండేదనిపించింది. "గాబ్రియేలును ఏమనొద్దమ్మా. నిన్న ఈడికొచ్చి శానా ఏడ్చినాడు. కండ్లు పోతాండాయక్కా, నువ్వుండేది సూళ్లేదు, అమ్మ సైగ సూళ్లేదు అని" అంది. తర్వాత గోడ వైపు తిరిగి పడుకుంది.

మర్నాడు ఆఫీసరు వచ్చాడు. గాబ్రియేలు చర్చికి వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, ముక్కు మీద కొత్త కళ్లద్దాలు పెట్టుకుని వచ్చాడు. అవి జారిపోతుంటే మాటిమాటికీ పైకి తోసుకుంటున్నాడు. మా ఆయన కాగితం ముందు పెట్టి పెన్ను ఇచ్చాడు. అతను కాగితం చదవను కూడా లేదు, సంతకం ఎక్కడని వేలితో వెతుకుతున్నాడు.

"ఆగప్పా గాబ్రియేలూ" అన్నాను. "మిషన్లన్నీ ఆపమని చెప్పు. అందర్నీ ఈడికి రమ్మను."

పని వేళలో మా షెడ్డు నిశ్శబ్దంగా ఉండడం పందొమ్మిదేళ్లలో నాకు గుర్తు లేదు. పదహారు మంది వచ్చి నిలబడ్డారు. మా ఆయన "శివలీలా" అన్నాడు మెల్లగా. నేను అటు చూడలేదు.

"అందరూ నా మొగం సూడండి" అన్నాను. "ఎత్తమంటాండానా, ఆపమంటాండానా?"

ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. లోడు ఎత్తే అతను, "ఎత్తమంటాండావమ్మా" అన్నాడు.

"ఆపమంటాండా. సరిగా సూడండి. ఇప్పుడు?"

చెవుల్లో రక్తం కొట్టుకునేంత గట్టిగా ముడివేశాను.

"ఇప్పుడూ ఆపమనే. మంగళవారం కూడా ఆపమనే అన్నా. గీతలు పోవాలని మొగానికి సూది వేయించుకున్నా. ఈ నొసలు ఇంగ మూడు నెలలు కదలదు. ఆ సంగతి మీకు చెప్పకుండా మీ ముందర నిలబడినా. గాబ్రియేలు సరిగానే సూసినాడు. నా మొగంలోనే ఏమీ లేదు."

ఎవరైనా నవ్వుతారేమో అనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. ఆఫీసరు కాసేపు నన్ను, కాసేపు కాగితాన్ని చూశాడు. "ముఖం చూసి క్రేను నడుపుతారా మేడం? ఎర్ర లైటు లేదా, సైరను లేదా?" అన్నాడు. లేవని చెప్పాను. పందొమ్మిదేళ్లు పెట్టించాలని తోచలేదని, అదీ నా తప్పేనని చెప్పాను. అవి పెట్టించేవరకూ క్రేను కదలదన్నాను.

"మరి కారణం కింద ఏం రాయమంటారు?"

టైపు కాగితాన్ని తిరగేసి ఖాళీ వైపు నేనే రాశాను. కట్ట ఎత్తకుండా ఆపవలసిన బాధ్యత నాది. నేను వేయించుకున్న ఇంజెక్షను వల్ల నా ముఖంలో సైగ రాలేదు. గాబ్రియేలు తప్పు ఏమీ లేదు. భీమమ్మ వైద్యం ఖర్చు, నడిచి పనిలోకి వచ్చేవరకూ ఆమె కూలి ఫ్యాక్టరీ ఇస్తుంది. కింద పూర్తి పేరుతో సంతకం పెట్టాను.

"పోటీ సంగతి?" అన్నాడు మా ఆయన, ఆఫీసరు జీపు వైపు నడుస్తుండగా.

"నిలబడతా. ఇదంతా నేనే చెప్పి ఓటడుగుతా. వేసేవాళ్లు వేస్తారు, లేనివాళ్లు లేదు. నువ్వు ఆ పదకొండు ఫ్లెక్సీలు రేపటికల్లా తీయించు."

అందరూ వెళ్లిపోయినా గాబ్రియేలు అక్కడే నిలబడి ఉన్నాడు. పెన్ను ఇంకా అతని చేతిలోనే ఉంది. ఏదో అడగాలని, అడగలేక, కళ్లద్దాలు పైకి తోసుకుంటున్నాడు.

"ఏమప్పా?" అన్నాను.

"అంటే నా కండ్లు బాగానే ఉండాయా అమ్మా?"

"బాగానే ఉండాయి గాబ్రియేలూ."

అతను కళ్లద్దాలు తీశాడు. చొక్కా అంచుతో అద్దాలు శుభ్రంగా తుడిచి, డబ్బాలో పెట్టి, మూత నొక్కాడు.

"రెండు రోజుల కూలి పెట్టి కొన్నానమ్మా" అన్నాడు.