గది ఖాళీ అన్న గుర్తు

హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజులవి. సాఫ్ట్‌వేర్ కంపెనీ అమ్మేసిన ఈశ్వరప్రసాద్, ప్లాస్మా పిచ్చి పట్టి, చిన్న మంగళారం అనే ఊళ్ళో ఫాంహౌస్‌ల మధ్య ఒక షెడ్డు కట్టాడు. ఉక్కు డబ్బాలో గ్యాస్ నింపి, దాని మీదికి ఒక్కసారిగా కరెంటు వదిలేవారు. అప్పుడు పుట్టే, రెప్పపాటైనా నిలవని ప్లాస్మా మంట నుంచి వచ్చే ఎక్స్-రేలను సన్నని బెజ్జం గుండా పట్టి బొమ్మ తీయడం అరుణకుమారి పని. నిండు కరెంటుతో వేసే పెద్ద షాట్ సమయంలో లోపల మనిషి ఉంటే ప్రాణం దక్కదు.

అందుకే వాచ్‌మన్ అనంతయ్య ముందుగా గదంతా తిరిగి చూసేవాడు. ఎవరూ లేరని తేలాక, కెమెరా ముందున్న పల్చటి రేకు మీద బొటనవేలితో సిందూరం బొట్టు పెట్టి తలుపేసేవాడు. సిందూరంలోని సీసం ఎక్స్-రేలను అడ్డుకుంటుంది. దాంతో ప్రతి బొమ్మలో ఓ మూల నల్లటి చుక్క, వేలి మీది కొడవలి గాటు వల్ల దాని మధ్య ఓ తెల్లగీత. అరుణకుమారి ఎంత గొడవపడినా నవ్వేవాడు.

"గది కాళీ ఉన్నదని గుర్తు మేడం, జర ఉండనియ్యిండ్రి."

వానాకాలంలో గుండె ఆగి అనంతయ్య పోయాడు. ఆ పనిలో చేరిన కొడుకు నాగేందర్ బొట్టు జోలికి పోలేదు. రేకూ కొత్తది వేశారు. అయినా మొదటి బొమ్మలోనే చుక్క కనిపించింది, తెల్లగీతతో సహా. అరుణకుమారికి ఒళ్ళు జలదరించింది. రేకు విప్పి చూస్తే మరకైనా లేదు. చెబితే నవ్వుతారని నోరు మూసుకుంది. పోనుపోను భయం పోయి అలవాటైంది. చుక్క కనబడితే గానీ పెద్ద షాట్‌కి మీట నొక్కబుద్ధయ్యేది కాదు.

ఆ మధ్యాహ్నం చిన్న కరెంటుతో పరీక్ష షాట్ వేశారు. తెర మీద బొమ్మ వచ్చింది. చుక్క లేదు.

"అబ్బ, ఇన్నాళ్ళకి మచ్చ లేని బొమ్మ! పెద్దది కానిచ్చేయమ్మా," అన్నాడు ఈశ్వరప్రసాద్.

"నాగేందర్ ఏడండీ?"

"బయటే ఉంటాడు. నొక్కు."

అరుణకుమారి నొక్కలేదు. కరెంటు కట్టేసి, ఆయన అరుస్తున్నా వినకుండా లోపలికి పరిగెత్తింది.

యంత్రం వెనక నాగేందర్ బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఇక్కడేం చేస్తున్నావయ్యా? చచ్చిపోయేవాడివి!"

"బాపు పిలిచిండు మేడం. జర కూసో బిడ్డా, ఇద్దరం పోదం అన్నడు."

అతను తలెత్తాడు. నుదుట వెడల్పాటి సిందూరం బొట్టు, మధ్యలో సన్నటి గీత. ఇన్నాళ్ళూ తనకు ధైర్యమిచ్చిన ఆ చుక్కను చూసి అరుణకుమారికి ఏడుపొచ్చింది. చున్నీతో గట్టిగా తుడిచింది.

చున్నీకి ఏమీ అంటలేదు. బొట్టు అలాగే ఉంది, గది ఖాళీ అన్న గుర్తులా.