ఓడిలోన్ తోటలో యూరియా వెతికిన రోజు

ఓడిలోన్ దొంగచాటుగా యూరియా వేస్తున్నాడని ఎఫ్రసీనాకు గట్టి అనుమానం. ఊరందరి కాఫీ చెట్లూ తుప్పు తెగులుకు ఆకు రాలి బోసిగా నిలబడితే, ఇతగాడి గాడిదలకు మాత్రం బస్తాలు మోయలేక నడుములు వంగుతున్నాయి. పైగా ఆమె పెరటి కుళాయికి వచ్చే ఊట నీళ్లు ఈ ఏడు సన్నబడ్డాయి, ఏదో వాసన కూడా వేస్తున్నాయి. ఆ ఊట ఓడిలోన్ కొండ మీదే పుడుతుంది.

రసాయనాల్లేని కాఫీ అని ముద్ర వేయించుకున్న ఊరు అది. ఊరివాళ్లే ఒకరి తోట ఒకరు సోదా చేసుకోవాలి. ఒక్కడు తప్పు చేసినా అందరి ముద్రా ఊడుతుంది, గింజలన్నీ అడిగినంతకే దళారి కాళ్ల దగ్గర పోయాల్సిందే. అందుకే సోదా పని మిగతావాళ్లకు తలనొప్పి. ఎఫ్రసీనా మాత్రం ఈ ఏడు కోరి అడిగి మరీ తీసుకుంది.

"రా వదినా. వాసన పట్టడానికి కుక్కనేమైనా తెచ్చావా?" తోట మొదట్లోనే ఎదురొచ్చి నవ్వాడు ఓడిలోన్.

"నా ముక్కు చాల్లే గానీ, పక్కకు జరుగు."

కొట్టం చూసింది. మొక్కజొన్న కంకుల గుట్ట తిరగదోడింది. కోళ్ల గూట్లో చెయ్యి పెట్టి పొడిపించుకుంది. చెట్ల మొదట్లో మట్టి తీసి నలిపితే కుళ్లిన కాఫీ తొక్కు వాసన తప్ప ఏమీ లేదు. అయితే ఆ చెట్లూ ఆమె చెట్లలాగే ఈసురోమంటున్నాయి.

"ఈ ఎండుపుల్లలకా అంత కాపు? ఎవర్ని నమ్మిస్తావయ్యా?"

ఓడిలోన్ నవ్వు ఆపేశాడు. "వీటికి కాదు వదినా. పై తోటకి."

"పై తోటేంటి? పైనుంది అడవి కదా!"

గట్టు దాటాక ఎఫ్రసీనా కాళ్లు ఆగిపోయాయి. మబ్బు దిగి కూర్చునే పెద్ద ఓక్ చెట్లకు బదులు మొద్దులున్నాయి. వాటి మధ్య నిగనిగలాడే కొత్త కాఫీ, విరగకాసి ఉంది. ఊట పుట్టే చోట నాచు ఎండి, కుళ్లిన ఆకుల బురద మిగిలింది. ఆ వాసనే తన కుళాయిలో వస్తోందని ఆమెకు అర్థమైంది. 

"ఎంత పని చేశావురా పాపిష్టోడా!"

"ఏం చెయ్యమంటావు? మందుల్లేకపోతే కింద తోట సగం కూడా కాయట్లేదు. పాత మొక్కజొన్న చేలో పెడదామంటే, ఒకప్పుడు మందు పడ్డ నేల, మూడేళ్లు ఆగితేగానీ ముద్ర పడదన్నారు. అడవి నేలకి ఆ గొడవ లేదు. నరికిన రోజునుంచే శుద్ధం. నువ్వే వాసన చూడు."

ఆమె చూసింది. నల్లటి మట్టి, నిండా వానపాములు. వేలెత్తి చూపడానికి ఒక్క తప్పు లేదు.

సాయంత్రం సంఘం ఇంట్లో జనం ఆత్రంగా చుట్టుముట్టారు. "యూరియా దొరికిందా?"

"లేదు."

హమ్మయ్య అనుకున్నారు, చప్పట్లు కూడా కొట్టారు. అప్పుడామె నరికిన అడవి గురించీ, ఎండిపోతున్న ఊట గురించీ మొత్తం చెప్పింది. అందరూ మండిపడతారనుకుంది. సంఘం పెద్ద తన గడ్డం గోక్కుని, "చెట్లు కొట్టకూడదని మన నియమాల్లో లేదే" అన్నాడు. ఒక్కొక్కరి తలా కిటికీలోంచి కొండవైపు తిరిగింది. 

"పైన ఇంకా ఎంత చోటుంది?" అని వెనకనుంచి ఎవరో మెల్లగా అడిగారు.

ఎఫ్రసీనా తిరిగి చూడలేదు. అది ఆమె భర్త గొంతు.