నల్లా చప్పుడు చాటున

స్నానాల గదిలో ఇంకా బకెట్ నిండలేదు కాబట్టి ఇంకొంచెంసేపు మాట్లాడొచ్చు అనుకుంది ప్రశాంతి, నిండినా ఏముంది, పొర్లిపోనీ, ఈ ఎండాకాలం కొండాపూర్‌లో జనం ట్యాంకర్ కోసం ఫోన్లు పట్టుకుని కూర్చుంటే ఇలా నీళ్లు పారబోయడం పాపమని తెలుసు, తెలిసే, సిగ్గుపడుతూనే నల్లా మరికాస్త తిప్పింది, చప్పుడు పెరిగింది, ఆ చప్పుడు చాటున గొంతు విప్పి, విన్నావా బుజ్జీ, నిన్న గచ్చిబౌలిలో మా ఆఫీసు బస్సు ఎంతకీ కదల్లేదు, కిటికీలోంచి చూస్తే కొత్తగా కడుతున్న బిల్డింగు నెత్తిమీద క్రేను మెల్లగా ఇటు నుంచి అటు తిరుగుతోంది, నువ్వుంటే దాన్ని చూసి జడుసుకునేదానివా, కావాలని చెయ్యి చాపి మారాం చేసేదానివా అని అడిగింది, ఆరో నెలలోనే కడుపులో కదలడం మానేసిన పిల్ల ఏం జవాబు చెబుతుంది, అయినా ఈ నీళ్ల చప్పుడులో పిల్ల పెరుగుతూనే ఉంది, మొన్న బోర్లా పడింది, నిన్న పాకింది, ఇవాళో రేపో గోడ పట్టుకుని నిలబడుతుంది, వెంటిలేటర్‌లోంచి పడ్డ ఎండ తడి గోడ మీద వణుకుతుంటే ప్రశాంతి అరమోడ్పు కళ్లతో అదే చూస్తూ కూర్చుంది.

దవాఖాన నుంచి వచ్చాక ఈ ఇంట్లో ఎవరూ ఆ ఊసే ఎత్తలేదు, పిల్లకి తనొక పేరు పెట్టుకుందని కూడా ఎవరికీ తెలియదు, సాయిచంద్ ఒక్కసారి మాత్రం మర్చిపోదాం ప్రశాంతీ అన్నాడు, అని తనే గోడవైపు తిరిగి పడుకున్నాడు, భర్త ఆ మాటైనా అన్నాడు, అత్తమ్మ కనకలక్ష్మమ్మ అదీ అనలేదు, కంచంలో అన్నం పెట్టి తిను బిడ్డా అంది, అంతే, పుట్టబోయే బిడ్డకని పాత నూలుచీరలు చింపి కట్టిన మూట మర్నాటికల్లా కనబడకుండా పోయింది, అడిగితే లోపల పెట్టిన అంది, కనకలక్ష్మమ్మ మనసు రాయి అనుకుంది ప్రశాంతి ఆ రోజు, ఇప్పటికీ అనుకుంటూనే ఉంది, రెండు గదుల ఫ్లాటులో ఎక్కడ గొంతెత్తినా రెండో గదిలోకి వినిపిస్తుంది, పడకగది తలుపు వేసుకుంటే ఏమైందని అడుగుతారు, స్నానాల గది తలుపు వేసుకున్నవాళ్లను మాత్రం ఎవరూ ఏమీ అడగరు.

దానికీ ఇప్పుడు గండం వచ్చిపడింది, అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాటూ నీళ్లు పొదుపు చేసే నల్లాలు, షవర్లు బిగించుకుంటే నీళ్ల బిల్లులో రాయితీ ఇస్తామంది నీళ్ల బోర్డు, ఒక్క ఫ్లాటు మిగిలినా ఎవరికీ లేదట, చూసి పోవడానికి మనిషి ఇవాళ వస్తాడట, మంచిదే, కాదని ఎవరంటారు, పక్కింటి నవనీత తన కొత్త నల్లా తిప్పి చూపిస్తూ మురిసిపోయింది, మూతికి చిన్న జాలీ, గాలి కలిసిన నీళ్లు నురగలా మెత్తగా దిగుతున్నాయి, చప్పుడే లేదు చూడు అంది నవనీత, ప్రశాంతి ఆ నురగకేసే చూసింది, అంత నిశ్శబ్దంలో బుజ్జిని ఎలా పిలవాలి, పిలవకపోతే పిల్ల ఎటు పోతుంది, అదృష్టం ఏమిటంటే అత్తమ్మ మొండిది, ప్లంబర్ తిరుపతి వచ్చినప్పుడల్లా చుట్టాలున్నారని ఒకసారి, జ్వరమని ఇంకోసారి తిప్పి పంపేస్తోంది, లిఫ్టులో నలుగురూ మొహాలు ముడుచుకుంటున్నారు, ఏంది అమ్మ చాదస్తం అని సాయిచంద్ విసుక్కుంటున్నాడు, ప్రశాంతి మాత్రం ఆమె మొండితనం వెనక హాయిగా దాక్కుంది, పల్లెత్తు మాట అనలేదు.

బెల్లు మోగింది, చెయ్యి దానంతటదే నల్లా కట్టేసింది, హాల్లో గొంతులు, ఒకటి తిరుపతిది, ఇంకొకటి సంఘం అధ్యక్షుడు శ్రీనివాసరావుగారిది, ఇవాళే ఆఖరండి, మీ ఒక్కరి మూలంగా ఇంతమందికీ రాయితీ పోతుందండి అంటున్నాడాయన మర్యాదగానే, అత్తమ్మ తన మోకాళ్ల సంగతి ఎత్తుకుంది, జోరుగా ధార పడితేనే నొప్పి తగ్గుతుందట, ప్రశాంతికి నవ్వొచ్చింది, ఆమె మూడంతస్తులు మెట్లెక్కి వడియాలు ఎండబెట్టి వచ్చే మనిషి, ఆయనా నమ్మలేదు కాబోలు, అసలు సంగతేంటో చెప్పండమ్మా అన్నాడు, అత్తమ్మ గొంతు తగ్గించింది, ప్రశాంతి తలుపుకి చెవి ఆనించింది.

నాకేం నొప్పి లేదు సారూ, మా కోడలు నల్లా ఇడిసి, పోయిన బిడ్డతోని మాట్లాడుకుంటది, ఒకనాడు నీళ్లు నడుమల బందైనయి, ఆమె సోయి లేక మాట్లాడుతనే ఉన్నది, నేనిన్న, బుజ్జీ అని పిలుస్తది, ఆ సప్పుడు గిట్ల లేకుంటే ఆ పిల్ల ఇగ మాట్లాడది, ఇంకెక్కడ మాట్లాడుతది చెప్పుండ్రి, జర ఆమె మనసు కుదుటపడేదాంక ఆగుండ్రి.

బుజ్జి, ఇంకొకరి నోట ఆ పేరు, తన పెదవులు దాటి ఎన్నడూ పోని పేరు పట్టపగలు హాల్లో, ప్లంబర్ ముందు, శ్రీనివాసరావుగారి ముందు, ప్రశాంతికి ఒళ్లంతా సిగ్గుతో మండిపోయింది, మరుక్షణమే తలుపు గొళ్లెం పట్టుకుంది, అయితే చుట్టాలూ జ్వరమూ మోకాళ్లూ అన్నీ తనకోసమేనా, లిఫ్టులో ఆ మొహాలు, కొడుకు విసుగు, అన్నీ తనకోసమే పడిందా, బయట ఆయన గొంతు సవరించుకుని, ఫర్వాలేదండి, వచ్చినవాళ్లకి నేనేదో చెప్పుకుంటానండి అంటున్నాడు, తిరుపతి సంచి ఎత్తుకున్న చప్పుడు, వెళ్లిపోతున్నారు, ప్రశాంతి చీర చుట్టబెట్టుకుని తలుపు తీసింది, ఆగు తిరుపతీ, లోపలికొచ్చి బిగించు అంది, అతను తలొంచుకుని లోపలికి పోయాడు, శ్రీనివాసరావుగారు మెట్లవైపు నడిచారు, అత్తమ్మ పట్టుబడిన దొంగలా కొంగు వేలికి చుడుతూ నిలబడింది, ఏమంటుందో, మన్నించమంటుందేమో, తిను బిడ్డా అంటుందేమో అనుకుంటూ ప్రశాంతి ఎదురుగా నిలబడింది, ఆమె అవేమీ అనలేదు, చూపు ఎత్తకుండానే, బుజ్జి ఎవరి తీరుంటది బిడ్డా, అని అడిగింది, ఎంతో ఆశగా, ఎన్నాళ్లుగానో అడగాలనుకుని అడగలేక మింగుకున్న మాటలా అడిగింది, ప్రశాంతి ఆమె మొహంలోకి చూసింది, ముడతలు పడ్డ ఆ కళ్లకొనలు నిండిపోయి ఉన్నాయి, ఇన్ని నెలలూ తనకు బిడ్డ పోయిందనే అనుకుంటూ వచ్చింది, ఈమెకూ మనుమరాలు పోయింది.