యాభై అయిదు నిమిషాలు

టికెట్ల ఆఫీసులో ఆమె చేరి నాలుగు రోజులే అయింది. కౌంటరు ముందు కూర్చున్న రిటైర్డ్ మాస్టారు, తన కూతురుండే ఊరి పేరు చెప్పి అడిగాడు.

"విమానంలో ఎంతసేపమ్మా?"

ఆ ఊరు ఆమెకు కొత్త కాదు. లిఫ్టులు బాగుచేసే ఆమె భర్త పదకొండేళ్లుగా నెలకోసారి అక్కడికే వెళ్తున్నాడు. మధ్యలో విమానం మారాలనీ, పొద్దున బయల్దేరితే చేరేసరికి చీకటి పడుతుందనీ చెప్పేవాడు. విమానం మొహం చూడని మనిషి, నమ్మింది.

తెరమీద దూరం నాలుగు వందల ముప్ఫై కిలోమీటర్లని పడింది. ప్రయాణం యాభై అయిదు నిమిషాలు.

"ఒక్క నిమిషం ఉండండి మాస్టారూ," అని మళ్లీ కొట్టి చూసింది. అదే లెక్క.

పక్క సీటావిడ తొంగిచూసి నవ్వింది. "అది ఎప్పట్నుంచో నేరుగా వెళ్లేదే. కాఫీ తాగేలోపు దిగమంటారు."

మాస్టారు టికెట్ తీసుకుని ఎప్పుడు వెళ్లిపోయాడో ఆమెకు తెలియలేదు. నూట ముప్ఫై రెండు నెలలు, ప్రతి నెలా ఒక పగలంతా. ఎవరి దగ్గర గడిపాడు?

సాయంత్రం ఇంట్లో భర్త బూట్లు విప్పుతుండగా ఎదురుగా నిలబడింది.

"యాభై అయిదు నిమిషాలటగా."

ఆయన విప్పిన బూటునే మళ్లీ తొడుక్కోబోయాడు.

"ఎవరావిడ?" అంది.

"మా అక్క."

"మీకు అక్కెక్కడిది? ఒక్కరే సంతానమన్నారు కదా పెళ్లిచూపుల్లో."

"జైల్లో ఉంది." ఆయన బూటు కింద పెట్టాడు. "నాకు పదిహేనేళ్లప్పుడు నాన్న తాగొచ్చి నన్ను ఇనపరాడ్డుతో కొడుతున్నాడు. ఇక లేవలేననుకున్నా. అక్క అదే రాడ్డు లాక్కుంది. నాన్న మళ్లీ లేవలేదు. నీకు చెబితే సంబంధం తప్పిపోతుందని భయపడ్డా. తర్వాత ఎలా చెప్పాలో తెలీలేదు."

ఇంకో ఆడదని చెప్పినా బాగుండేదేమో, కనీసం అరవడానికి వీలుండేది. రెండు వారాలు ఆమె ఆయనతో ముక్తసరిగానే మాట్లాడింది. మూడో వారం ఆఫీసులో తనే రెండు టికెట్లు తీసింది.

జైలు గేటు దగ్గర పుస్తకంలో ఖైదీ తనకేమవుతుందో రాయమన్నారు. ఆమె 'ఆడపడుచు' అని రాసింది.

అద్దం అవతలి మనిషికి తల సగం నెరిసింది. మరదలిని ఎగాదిగా చూసి, పలకరింపులేవీ లేకుండా ఫోనందుకుంది.

"వాడు ఇంకా నిద్రలో మొహానికి చేతులు అడ్డం పెట్టుకుంటాడా?"

పదకొండేళ్లు పక్కన పడుకుని, అది ఆయన పడుకునే తీరే అనుకుంది ఆమె.

"పెట్టుకుంటారు వదినా," అంది.